పరుగు లేని బంతియాట

ఫుట్‌బాల్ అనగానే పరుగు మనసునకు వచ్చును. బంతి వెంట పరుగు, ప్రత్యర్థి వెంట పరుగు, గోలు పడిన తరువాత సంతోషము పట్టలేక మరియొక పరుగు. అట్టి ఆటలోనుండి పరుగును బొత్తిగా తీసివేసినచో మిగులునదేమి? పదిమంది పెద్దమనుష్యులు మైదానములో షికారు తిరుగుటయే కదా యని ఎవరైన నవ్వవచ్చును. ఇంగ్లండులో ఈ ఆట క్రొత్తగా వచ్చినప్పుడు అక్కడను నవ్వినవారు లేకపోలేదు. అయినను నేడు ఆ దేశములో ఊరూర నడక ఫుట్‌బాల్ జట్లు ఉన్నవి. 50 దాటినవారు, 60 దాటినవారు, 70 దాటినవారును వారమునకొకసారి, రెండుసారులు నిక్కరు తొడుగుకొని మైదానమునకు వచ్చుచున్నారు. ఈ ఆట ఎట్లు పుట్టినది, దాని నియమములు అట్లేల ఉన్నవి, మన ఊళ్ళలో ఎవరైన దీనిని నడుపదలచినచో ఏమేమి చూచుకొనవలెను అను విషయములను ఈ ప్రసంగములో మేము ముచ్చటింపదలచినాము.

ఇంగ్లండు నడుమభాగమున డెర్బీషైరు మండలములో చెస్టర్‌ఫీల్డు అను పట్టణము కలదు. మెలితిరిగి ఒకప్రక్కకు ఒరిగిన చర్చి శిఖరమునకు ఆ ఊరు ప్రసిద్ధి. ఒకప్పుడు దాని చుట్టును బొగ్గు గనులుండెడివి. 1990 దశకమునాటికి ఆ ప్రాంతపు లోతుగనులు మూతపడినవి. అట్టి శ్రామిక పట్టణములలో ఫుట్‌బాల్ క్లబ్బు అనునది ఆట మాత్రమే కాదు. ఊరివారందరును తమదని చెప్పుకొను ఇల్లు వంటిది. ఆ ఊరి క్లబ్బునకు అనుబంధముగా ప్రజాసేవ కొరకు ఒక ట్రస్టు పనిచేయుచుండెను. దానిలో పనిచేయుచున్న జాన్ క్రూట్ అను ఆయన 2011లో నడక ఫుట్‌బాలును ప్రవేశపెట్టెను. బాలురకు, యువకులకు ఎన్ని కార్యక్రమములున్నను, 50 దాటిన పురుషులను మరల మైదానమునకు రప్పించు మార్గము దొరకుట కష్టము. వ్యాయామశాలకు రమ్మన్నచో రారు. యోగాభ్యాసమునకు పిలిచిన మొగమాటపడుదురు. వైద్యుడు చెప్పిన నడకను నాలుగు దినములు నడచి మానుదురు. ఫుట్‌బాల్ అన్నచో మాత్రము, నలుబది ఏండ్ల క్రిందట వదలిన ఆటయైనను, వారి కండ్లు వెలుగును. క్రూట్ పట్టుకొనిన కిటుకు ఇదియే.

అయితే ఈ ఊహ అంతకు పూర్వము ఎవరికిని తట్టలేదని చెప్పరాదు. 1932లో డెర్బీ, క్రూ అను రెండు రైల్వే పట్టణముల వృద్ధులు, 65 ఏండ్లు దాటినవారు, నడచుచు ఫుట్‌బాల్ ఆడిన దృశ్యము నాటి సినిమా వార్తాచిత్రమున నిలిచియున్నది. అది ఒకనాటి వేడుకగా ముగిసినది. 2011 నాటి ప్రయత్నము వారము వారము సాగు అలవాటైనది. భేదమంతయు అక్కడనే ఉన్నది. 2014లో ఒక పెద్ద బ్యాంకు తన టెలివిజను ప్రకటనలో ఈ ఆటను చూపగా దేశమంతటను పేరు ప్రాకినది. పిమ్మట ఆ దేశమున ఈ ఆటకు ప్రత్యేకముగా ఒక సంఘము ఏర్పడినది. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘమును దీనికి నియమావళి సమకూర్చినది. 2018లో ఇంగ్లండు, ఇటలీ జట్లు తలపడినవి. 2023లో పలు దేశముల జట్లు ఇంగ్లండులో ప్రపంచ పోటీకి కూడినవి. ఆ పోటీలను గురించి మాకు కొంత సందేహము కలదు. దానిని ముందు చెప్పుదుము.

ఇక పరుగునే ఎందుకు తీసివేయవలెను? బంతిని చిన్నది చేయవచ్చును, ఆట సమయమును తగ్గింపవచ్చును. పరుగుపైననే ఎందుకీ పగ? దీనికి శరీరశాస్త్రము చెప్పు సమాధానము సులభముగానే ఉన్నది. నడచునప్పుడు మన పాదములలో ఏదో ఒకటి ఎల్లప్పుడును నేలనంటి యుండును. పరుగెత్తునప్పుడు ప్రతి అంగకును క్షణకాలము రెండు పాదములును గాలిలో ఉండును; పిదప దేహభారమంతయు ఒకే కాలిపై దిగును. నడకలో పాదముపై పడు బలము దేహభారమునకు ఇంచుమించు సమానము, లేక కొంచెము ఎక్కువ. పరుగులో అది రెండు రెట్లకు, రెండున్నర రెట్లకు పెరుగును. అనగా 70 కిలోల మనిషి పరుగెత్తినచో ప్రతి అంగకును సుమారు 175 కిలోల బలమును అతని కాలు ఓర్చుకొనవలెను. ఇరువది ఏండ్ల మోకాలు దానిని లెక్కచేయదు. అరువది ఏండ్ల మోకాలు ఆ రాత్రియే లెక్క అప్పజెప్పును.

మోకాలికంటెను ముందు చెప్పవలసినవి కండరములు. వయసు మీరినకొలది కండరము తరుగును. అందును చటుక్కున ముడుచుకొను పోగులు మొదట తరుగును. మనసు మాత్రము తరుగదు. ఎదుట బంతి దొరలగనే పాతికేళ్ళనాటి ఆజ్ఞ మెదడునుండి వెలువడును. కాలు దానిని నెరవేర్పబోయి పిక్కలోనో, తొడ వెనుకనో, మడమ నరమువద్దనో తెగును. నడివయసువారికి ఆటలో తగులు దెబ్బలలో అనేకములు ఇట్టివే: ఎవరును తాకకుండ, తమంతట తాము నిలుచున్న చోటునుండి ఒక్కసారిగా ఉరుకబోయినప్పుడు తగిలినవి. పరుగును నిషేధించినచో ఈ ఉరుకు పోవును. దానితోపాటు ఇద్దరు వేగముగా వచ్చి ఢీకొనుటయు పోవును.

మిగులునది తక్కువేమియు కాదు. బంతిని అడ్డుకొనుటకు ప్రక్కకు అడుగువేయవలెను, వెనుకకు నడువవలెను, తిరుగవలెను, ఒంటికాలిపై నిలిచి రెండవ కాలితో తన్నవలెను. చూపు ఒకచోట, పాదము ఒకచోట పనిచేయవలెను. పార్కులో చుట్టును తిరుగు నడకలో ఇవి యేవియు లేవు. 65 దాటినవారు వారమునకు 150 మొదలు 300 నిమిషములవరకు ఒక మోస్తరు శ్రమ చేయవలెననియు, దానికి తోడు శరీరపు తూకమును, బలమును పెంచు వ్యాయామమును వారమునకు మూడు దినములైనను చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఈ రెండవ భాగమును మనవారు సాధారణముగా పట్టించుకొనరు. ముసలితనమున పడుట ఎంతటి ఆపదయో ఇంట తుంటి ఎముక విరిగిన పెద్దలున్నవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఒక గంట బంతియాటలో ఎన్ని వందల మారులు తూకము తప్పబోయి సరిచేసికొందుమో ఎవరైన లెక్కించి చూడవచ్చును.

2015లో ప్రచురితమైన ఒక చిన్న పరిశీలనలో, 50 దాటిన కొద్దిమంది పురుషులు 12 వారములు ఈ ఆట ఆడగా వారి శరీరమున కొవ్వు కొంత తగ్గినట్లును, అలసటకు ఓర్చుకొను కాలము పెరిగినట్లును తేలినది. మనుష్యుల సంఖ్య మిక్కిలి తక్కువ గనుక దీనిని చేతబట్టుకొని పెద్దమాటలు పలుకరాదు. రోగమును కుదుర్చు ఔషధముగా ఈ ఆటను ఎవరైన ప్రచారము చేసినచో శ్రోతలు నమ్మకుందురు గాక.

ఇప్పుడు నియమముల సంగతి. మొదటి నియమము, దాదాపు నియమములకెల్ల తల్లివంటిది, పరుగు కూడదనుట. చెప్పుటకిది సులభమే. అమలుజరుపుట మాత్రము ఈ ఆటలోని కష్టములన్నిటికంటె పెద్దది. నడక యనగా నేమి? దీనికి పూర్వమే జవాబు వెదకినవారు నడక పందెములవారు. ఒలింపిక్సులోని నడక పందెములలో రెండు షరతులు కలవు: కంటికి కనబడునట్లు రెండు పాదములును నేలను వీడరాదు; ముందుకు వేసిన కాలు నేలను తాకినది మొదలు దేహము దానిమీదికి నిటారుగ వచ్చువరకు మోకాలు వంగరాదు. నడక ఫుట్‌బాల్ మొదటి షరతును మాత్రము గ్రహించి రెండవదానిని విడిచినది. విడుచుటయే మేలు, అరువది దాటిన మోకాళ్ళను వంగరాదని శాసించుట క్రూరత్వమే యగును. ఎల్లప్పుడును ఒక పాదము నేలపై ఉండవలెను: ఇంతియే నిర్వచనము.

ఇంతియే యైనను ఆటగాని కాళ్ళు దీనిని అంత తేలికగ ఒప్పుకొనవు. బంతి రెండు గజముల దూరములో ఉన్నప్పుడు నడక నెమ్మదిగా త్వరితనడక యగును, త్వరితనడక చిట్టిపరుగగును, ఆ చిట్టిపరుగు పరుగు కాదని వాదించుటకు నోరు సిద్ధముగ నుండును. రెఫరీ పాదములనే చూచుచుండినచో బంతి ఎటుపోయినదో తెలియదు. కావున మనము సూచించునది, భుజములను, మోచేతులను గమనింపుమని. నడచువాని తల ఇంచుమించు ఒకే ఎత్తున సాగును. పరుగెత్తువాని తల ఎగిరెగిరి పడును, మోచేతులు ముడుచుకొనును. అది కనబడగనే ఈల వేయవలెను. పరుగెత్తినవాని ప్రత్యర్థులకు ఫ్రీకిక్కు లభించును. ఆ ఫ్రీకిక్కును నేరుగా గోలులోనికి తన్నరాదు. పదేపదే పరుగెత్తువానిని కొన్నిచోట్ల నీలి కార్డు చూపి కొద్ది నిమిషములు గీతవెలుపల కూర్చుండబెట్టుదురు.

ఇందులో రెఫరీకి ఒక చిక్కు కలదు. పరుగెత్తువాడు దుర్మార్గుడు కాడు, ఆటలో మైమరచినవాడు. వానిని ఈలవేసి ఆపుట వానికి అవమానము కాదని మొదటిదినముననే అందరికిని తెలియజెప్పవలెను. మొదటి మాసమంతయు ఈలలతో చెవులు గింగురుమనును. ఆ మాసములో రెఫరీ మొగమాటపడి ఊరకున్నచో ఇక ఆ జట్టు ఎన్నటికిని నడక నేర్వదు. ఊరిలో పెద్దయధికారిగా పనిచేసి విరమించినవారు, బంధువర్గములో పెద్దతాతగారు, ఎవరు పరుగెత్తినను ఈల ఒకటియే కావలెను. మన దేశములో ఇది చెప్పినంత సులభము కాదని మాకు తెలియును.

తక్కిన నియమములన్నియు ఈ మొదటిదానికి పరివారము. జట్టునకు అయిదుగురు మొదలు ఏడుగురివరకు సాధారణముగ ఆడుదురు. వెనుకనుండి తాకి బంతిని లాగికొనుట, నేలపై జారి తన్నుట నిషిద్ధము. దేహమును దేహముతో నెట్టుట కూడదు. గోల్‌కీపరు తన గీతలోపలనే ఉండవలెను, తక్కినవారు ఆ గీతలోపలికి పోరాదు. ఇందువలన గోలుముందు గుంపుకూడి కాళ్ళు విరుగగొట్టుకొనుట తప్పును. గోల్‌కీపరు బంతిని భుజముపైనుండి విసరక, చేయి క్రిందినుండి దొర్లించును. బంతి కొంత ఎత్తునకు మించి లేవరాదు. ఆ యెత్తు కొన్నిచోట్ల తలవరకు, కొన్నిచోట్ల గోలు అడ్డకర్రవరకు.

బంతిని పైకి లేపనీయకపోవుటకు మరియొక బలమైన కారణము ఈ మధ్య తేలినది. 2019లో గ్లాస్గో పరిశోధకులు స్కాట్లండులో వృత్తిగా ఫుట్‌బాల్ ఆడిన పూర్వపు ఆటగాండ్ర మరణకారణములను సామాన్యజనుల మరణకారణములతో పోల్చి చూచిరి. మతిమరపు మొదలగు మెదడు క్షీణించు వ్యాధులవలన మరణించినవారు ఆ ఆటగాండ్రలో సుమారు మూడున్నర రెట్లు ఎక్కువగ నుండిరి. బంతిని తలతో కొట్టుటయే దీనికి కారణమని ఆ యొక్క పరిశీలన నిర్ధారింపజాలదు. అయినను అనుమానమంతయు దానిమీదికే పోవుచున్నది. ఇరువది ఏండ్లవానికే సందేహమైన పనిని ఎముక, మెదడు, రక్తనాళము ముదిరినవారిచే చేయించుట ఎందులకు? తలతో కొట్టుట కూడదని వ్రాసికొనినచో సరిపోవును.

చాలజట్లు మరియొక కట్టుబాటును పెట్టుకొనును: ఒకడు బంతిని మూడుసారులకంటె ఎక్కువగ తాకరాదు, ఆలోగా మరియొకనికి అందింపవలెను. ఇది విన్నప్పుడు మాకు హైదరాబాదు గుర్తునకు వచ్చినది. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణములను గెలిచిన భారత జట్లకును, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానము పొందిన జట్టునకును శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీంగారు మన హైదరాబాదువారు, మొదట బడిపంతులు. బంతిని ఒంటరిగ త్రిప్పుకొనిపోవుటను నిషేధించి ఆయన పోటీలు నడిపెనని అక్కడి ఫుట్‌బాల్ చరిత్ర చెప్పును. ఒకదానిని నిషేధించినచో మరియొకటి వికసించునని ఆయన యెరుగును. త్రిప్పుట లేనప్పుడు అందించుట వచ్చును. పరుగు లేనప్పుడును అంతే. వేగముతో తప్పించుకొను వీలు లేదు గనుక ఎవరు ఎక్కడ ఖాళీగ నిలిచినారో ముందే చూడవలెను, బంతి రాకముందే ఎవరికి ఇవ్వవలెనో నిశ్చయించుకొనవలెను. ఇదంతయు తలతో ఆడు ఆట. తలతో కొట్టు ఆట మాత్రము కాదు.

ముందు చెప్పుదుమన్న సందేహమిది. పోటీ వచ్చినచోట పతకము వచ్చును. పతకము వచ్చినచోట నడక వేగము పెరుగును. 50 ఏండ్ల వయసువాడు నిన్నటివరకును పరుగెత్తుచు ఆడినవాడు; అతని త్వరితనడకకు 72 ఏండ్లవాడు సమానుడు కాలేడు. జట్టు గెలువవలెనన్నచో ముసలివానిని గీతవెలుపల నిలుపుదురు. అతడు రెండువారములు నిలిచి చూచి, మూడవవారము ఇంటనుండి కదలడు. ఆట ఎవరికొరకు పుట్టినదో వారే దానిలో మిగులకపోవుట వింత కాదా? అందుచేత వయసులవారీగ జట్లు విడదీయుట పెద్ద పోటీలలో అలవాటైనది. ఊరిలో నడుపు చిన్న ఆటకు మేము చెప్పునది వేరు: గోళ్ళ లెక్క వ్రాయకుడు. ప్రతి పదునైదు నిమిషములకు జట్లను కలిపి మరల విడదీయుడు. అందరికంటె నెమ్మదిగ నడచువాడు ఎంత వేగముగ నడువగలడో ఆ వేగమే ఆ దినపు ఆట వేగము. పోటీలు కోరు గట్టివారికి వేరొక దినమును కేటాయించినచో ఇరువురకును మంచిది.

స్త్రీల మాట తలపకున్నచో ఈ ప్రసంగము సగమే యగును. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము 1921లో స్త్రీల ఆటను తన క్లబ్బుల మైదానములనుండి వెలివేసినది. ఆ నిషేధము తొలగినది దాదాపు అర్ధశతాబ్దము తరువాత, 1971 ప్రాంతమున. అనగా 1940, 1950 దశకములలో అక్కడ పుట్టిన బాలికలు తమ అన్నదమ్ములు వీధిలో ఆడుచుండగా కిటికీలోనుండి చూచినవారు. అట్టివారిలో కొందరు నేడు అమ్మమ్మలై మొదటిసారి బూట్లు కట్టుకొనుచున్నారు. పురుషులకు ఇది మరల వచ్చిన ఆట, వీరికి మొదటిసారి వచ్చిన ఆట. స్త్రీలకు సాధారణముగ 40 ఏండ్లు నిండిననే ఈ ఆటలో ప్రవేశము లభించును. పురుషులకు అది 50. మన దేశములో నిషేధము వ్రాతలో లేకపోయినను, అరువది దాటిన స్త్రీలలో ఒక్కమారైనను బంతిని తన్నినవారెందరు? చీరకుచ్చెళ్ళు కాలికి తగులును గనుక పంజాబీ దుస్తులో, వదులైన లాగులో ధరించుట క్షేమము; ఈ మాట చెప్పుటకు కోడలి సాయము కావలసియుండును.

ఇక నడుపదలచినవారికి. మన పట్టణములలో ఉదయమున పార్కులలో నడచు వాకర్సు సంఘములు మెండుగ ఉన్నవి. క్రొత్తగా సంఘము కట్టనక్కరలేదు. అందులోనుండి పదిమంది ముందుకు వచ్చినచో చాలును. బడి మైదానములో నలుబది గజముల పొడవు, ఇరువదియైదు గజముల వెడల్పు గల చదునైన నేల సరిపోవును. గులకరాళ్ళు, గుంటలు లేకుండ ముందుదినమున ఒకరు నడచి చూడవలెను. సున్నముతో గీతలు, నాలుగు కర్రలతో గోళ్ళు. బంతిలో గాలి కొంచెము తగ్గించినచో ఎగురుట తగ్గును. మేకుల బూట్లు వద్దు. మడమను పట్టియుంచు సాదా కాన్వాసు బూట్లు మేలు. చెప్పులతో ఆడనీయరాదు.

ఖర్చు తక్కువ, జాగ్రత్త మాత్రము ఎక్కువగ పడవలెను. పేరు వ్రాసికొనునప్పుడే నాలుగు ప్రశ్నలు అడుగవలెను: మెట్లెక్కునప్పుడు గుండెలో నొప్పిగాని, బరువుగాని తోచుచున్నదా? ఎప్పుడైన కండ్లు తిరిగి పడినారా? కీలుమార్పిడియో, గుండెకు శస్త్రచికిత్సయో జరిగినదా? ఏ యే మందులు వాడుచున్నారు? ఒక్కదానికైనను అవునన్నవారు వైద్యుని అనుమతి తెచ్చుకొనిన తరువాతనే ఆడవలెను. మందులను అడుగుటకు కారణము కలదు. రక్తమును పలుచన చేయు మందు వాడువారికి చిన్నదెబ్బయు పెద్ద రక్తస్రావమగును. వారు తలకు దెబ్బతగులు అవకాశమునే దరిజేరనీయరాదు. చక్కెరవ్యాధికి ఇన్సులిను గాని, కొన్ని మాత్రలు గాని వాడువారికి ఆటనడుమ చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. చెమటలు, వణుకు, తడబడు మాట కనిపించినచో వెంటనే పంచదార నీరు ఇయ్యవలెను. కావున పంచదార పొట్లము బంతితోపాటు రావలసిన వస్తువు. ఆ వ్యాధిగలవారికి పాదములలో స్పర్శ మందగించును గనుక ఆటయైన పిదప పాదములను కండ్లతో పరీక్షించుకొనవలెను. బూటులోని చిన్నరాయి చేసిన పుండు వారికి నొప్పిగ తెలియకపోవచ్చును.

శ్రమ ఎంతవరకు తగునని తెలిసికొనుటకు నాడిని లెక్కించుమని కొందరు చెప్పుదురు. రక్తపుపోటుకు వాడు కొన్ని మందులు నాడివేగమును అణచియుంచును. అట్టివారికి ఆ లెక్క మోసగించును. అంతకంటె నోటిమాట నమ్మదగినది. ఆడుచు ప్రక్కవానితో పూర్తివాక్యము మాటలాడగలిగినచో శ్రమ తగియున్నది. రెండు మూడు మాటలకే ఊపిరి ఆగినచో గీతవెలుపల కూర్చుండవలెను. మొదలుపెట్టునప్పుడు పది, పదునైదు నిమిషములు నెమ్మదినడకయు, చీలమండలు, మోకాళ్ళు, నడుము కదలించుటయు జరుగవలెను. ముగించునప్పుడు ఒక్కసారిగా నిలిచిపోరాదు. కాళ్ళలోనికి దిగిన రక్తము తిరిగి పైకి రాక కండ్లు తిరుగును. అయిదు నిమిషములు మెల్లగ నడచి ఆగవలెను. మొదటి వారములలో పది నిమిషముల ఆట, అయిదు నిమిషముల విశ్రాంతి, ఇట్లు మూడుసారులు చాలును.

ఇంగ్లండులో వారి శత్రువు చలి, తడిసిన పచ్చిక. మనకు శత్రువు ఎండ. వృద్ధులకు దప్పిక ఆలస్యముగ తెలియును, చెమట తక్కువగ పట్టును. వేడి లోపలనే నిలిచిపోవును. కావున సూర్యోదయముతో మొదలుపెట్టి ఎండ తీవ్రము కాకముందే ముగింపవలెను. ఏప్రిలు చివరనుండి వానలు పడువరకు ఆట మానుట మేలు, లేదా నీడపట్టునగల ఆటగదిని చూచుకొనవలెను. దప్పిక లేకున్నను ప్రతి విరామమునను నీరు, పలుచని మజ్జిగ త్రాగవలెను; గుండెజబ్బు, మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము ఎంత త్రాగవలెనో వైద్యునిచే నిర్ణయింపజేసికొనవలెను.

ఎన్ని జాగ్రత్తలు పడినను ఒకనాడు ఒకరు మైదానములో కూలిపోవచ్చును. అట్టి దినము రాదనుకొని ఆటను నడుపరాదు. జట్టులో ఇద్దరైనను గుండెమర్దనము నేర్చియుండవలెను: పిలిచిన పలుకక, సరిగ ఊపిరి పీల్చక పడియున్నవాని రొమ్ము నడుమ రెండు చేతులు ఒకదానిపై నొకటి మోపి, నిమిషమునకు 100 మొదలు 120 మారులు, అయిదారు సెంటీమీటర్ల లోతున బలముగ నొక్కుచుండవలెను. ఒకరు నొక్కుచుండగా మరియొకరు 108కి ఫోను చేయవలెను. మూడవవాడు వాహనము వచ్చు దారిలో నిలువవలెను. గుండెకు విద్యుత్తు పెట్టి మరల కొట్టుకొనజేయు యంత్రము దగ్గరలో ఎక్కడ ఉన్నదో, దాని తాళము ఎవరివద్ద ఉన్నదో ముందే తెలిసికొని వ్రాసిపెట్టుకొనవలెను. ఆ యంత్రము ఒక్కొక్క నిమిషము ఆలస్యమైనకొలది బ్రతుకు అవకాశము సుమారు పదింట ఒకవంతు తరుగును.

మొదటి దినమున బడిపిల్లలు గోడమీద కూర్చుండి, తాతా పరుగెత్తు, పరుగెత్తు మని కేకలు వేయుదురు. కొందరు సిగ్గుపడుదురు. ఆ పిల్లలలో ఇద్దరిని పిలిచి ఈలయు, బంతితెచ్చు పనియు అప్పగించినచో మరుసటి వారమునకు వారే, తాతగారూ మీరు పరుగెత్తినారు అని తప్పు పట్టుదురు. మొదటి మాసము ముప్పదిమంది వత్తురు, రెండవ మాసము పదునెనిమిదిమంది. ఆరంభశూరత్వమని మన పెద్దలు దీనికి ఏనాడో పేరుపెట్టినారు. తగ్గినవారు ఎందుకు తగ్గినారో అడిగి తెలిసికొనవలెను. కొందరికి మోకాలు, కొందరికి మనుమని బడి. కొందరిని మాత్రము ఎవరో పరుషముగ ఒక మాట అనియుందురు. వారు కారణము చెప్పరు.

ఇంగ్లండు జట్లలో ఆటయైన పిదప టీ త్రాగుట ఆటలో భాగముగనే సాగుచున్నది. ఉద్యోగము విరమించిన పురుషునికి పలకరించువారు తగ్గుదురు. భార్య పోయినవానికి మరియు తగ్గుదురు. పురుషులు ఎదురెదురుగ కూర్చుండి తమ కష్టము చెప్పుకొనుట అరుదు. ప్రక్కప్రక్కన ఏదో పని చేయుచు, లేక పని ముగించి గ్లాసు చేతబట్టుకొని చెప్పుకొందురు. అందుచేత గంట ఆటకు అరగంట టీ కేటాయించుట వృథా కాదు. ఆట ఆడలేని దినమున టీకి మాత్రము వచ్చువారిని రావద్దనరాదు. జట్టుకు ఒక హాజరుపుస్తకము ఉండవలెను. పేరు, ఇల్లు, ఫోను, వాడుచున్న మందులు, ఆపదలో పిలువవలసిన బంధువు, ఇవన్నియు అందులో ఉండవలెను. వరుసగ రెండు వారములు ఎవరి పేరుకెదురుగ గుర్తు పడదో ఆనాటి సాయంకాలమే వారి యింటికి ఒకరు పోయి తలుపు తట్టవలెను. ఆ పనికి వంతులు వేసికొని, ఎవరి వంతు ఏ వారమో ఆ పుస్తకము మొదటి పుటలోనే వ్రాసికొనవలెను.